గానవినోదము: అతుకు వినఁబడని ఆవృత్తము



వయొలినో, వీణయో నేర్చినవారు ఇంట నొంటరిగా సాధన చేయునప్పుడు, శ్రుతికిని తాళమునకును తోడు లేదని చింతించుట గలదు. తాను వాయించినదే తనకుఁ దోడుగా మ్రోఁగునట్లు చేయు చిన్న యంత్ర మొకటి కలదు. దానిని లూపరందురు. కాలితో నొక్కు మీట గల పెట్టె యది. మైకు ద్వారమునఁ గాని, వాద్యమునకుఁ దగిలించిన పికప్ ద్వారమునఁ గాని ధ్వని దానిలోనికిఁ బోవును. ఒకమాఱు నొక్కిన పట్టుకొనును; మరల నొక్కినచోఁ బట్టినదానిని విరామము లేక తిప్పి తిప్పి వినిపించును. దానిపై మఱియొక వరుసను, ఆపై నింకొక వరుసను చేర్చవచ్చును.

ఈ యూహ నిన్న మొన్నటిది గాదు. 1966లో అమెరికా దేశపు సంగీతకర్త్రి పాలీన్ ఆలివెరోస్ ఒకే టేపును రెండు టేపురికార్డరుల గుండ నడపి, మొదటిదానఁ జేరిన ధ్వని కొంతసేపటికి రెండవదాని నుండి తిరిగి వచ్చునట్లు చేసెను. 2004లో స్కాట్లండు గాయని కె.టి. టన్‌స్టల్, మఱియొకరు రాలేకపోఁగా స్వల్పవ్యవధిలోఁ బిలువఁబడి, బి.బి.సి. టెలివిజన్ కార్యక్రమమున గిటారు పెట్టెపై దరువును, టాంబరిన్ మ్రోఁతను, తన గొంతును పొరలు పొరలుగాఁ జేర్చి, ఒక్కతెయే మేళమంతయు నడపెను. ఆమె పేరు పలువురకుఁ దెలియుట కా ప్రదర్శనమే కారణమయ్యెను.

అయితే చిక్కంతయు అతుకునందే యున్నది. నిమిషమునకు 80 అక్షరముల నడకలో, 8 అక్షరముల ఆదితాళ ఆవృత్తమునకు 6 సెకండ్లు పట్టును. రెండవ నొక్కు రవంత యాలస్యమైనను ప్రతి 6 సెకండ్లకును తాళము కుంటును. 3 నిమిషముల పాటలో ఆ యొక్క తప్పు ఇంచుమించు 30 మార్లు వినఁబడును!

దీనికిఁ గొన్ని యుపాయములు గలవు. చివరి స్వరము పలికినంతనే మీట నొక్కరాదు. ఎనిమిదవ అక్షరమునకును దాని కాలము పూర్తిగా నీయవలెను. తరువాతి ఆవృత్తపు సమమున సరిగా కాలు పడవలెను.

మొదటి ఆవృత్తమును ఊరక వాయించి, రెండవదానిని పట్టుట మేలు. అట్లు చేసినచో మొదటిదాని కడపటి నాదము రెండవదాని మొదటఁ జేరును. చుట్టు తిరిగివచ్చినప్పు డానాదమే యతుకును కప్పివేయును. పట్టుట ముగిసిన పిదపఁ గూడ రెండు మూఁ డక్షరముల వఱకు చేతిని ఆపకుండవలెను. హఠాత్తుగా నాపిన నడక చెడును.

తొలి పొర తేలికగా, తాళము మాత్రమే యుండవలెను. తరువాతి పొరలు అంతకంటె మెత్తగా నుండవలెను. శ్రుతిని చేర్చునప్పుడు సన్నగా నారంభించి సన్నగా విడువవలెను; నడుమఁ దెంచినచో టక్కను చప్పుడు నిలిచిపోవును. తప్పు పడినచోఁ గడపటి పొరను తుడుచు సౌకర్యము పెక్కు యంత్రములందుఁ గలదు. తొలి పొరయే వంకరయైనచో మాత్రము మొదటినుండి యారంభించుటయే మేలు.

ఈ యంత్రము కొనఁదలఁచినవారు ముందుగా నొక పరీక్ష చేసికొనవచ్చును. వాయించుచు, ప్రతి సమమునకు నేలపై కాలు తట్టుఁడు. పది ఆవృత్తములు తొట్రుపాటు లేక సాగినచో మీరు సిద్ధముగా నున్నారు. సాగనిచో సొమ్ము దాఁచి, తాళమును సాధించుఁడు. ప్రక్కవాద్యము వాయించు మనుష్యుఁడు మన తడఁబాటు కనిపెట్టి సర్దుకొనును. ఈ యంత్ర మట్లు సర్దుకొనదు. దానిని వినుచు నడచుకొనవలసినది మనమే.