అట్టపెట్టె మీది అంకెలు, తెర మీది రంగులు

"సార్, కంప్యూటరుకు మానిటరు కొనాలి, ఏది కొనమంటారు?" అని పెద్ద తరగతుల పిల్లలు అడగడం ఈ మధ్య ఎక్కువైంది. తమకేమో గేములు ఆడుకోవడానికి కావాలి. ఇంట్లో అన్నకేమో ఫొటోలు దిద్దుకోవడానికి కావాలి. కొనేది మాత్రం ఒకటే. ఆ ఒక్క తెర ఎవరి పక్షాన ఉండాలి? నా తీర్పు ముందే చెప్పేస్తాను: రంగు పక్షాన ఉండాలి, వేగం దాని వెనకాల రావాలి. ఎందుకో చెబుతాను. మీరూ లెక్కవేసి చూడండి, నచ్చకపోతే కాదనండి.

మా పెగడపల్లి నుంచి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దాకా ఎక్కడ చూసినా, కంప్యూటరు తెర ముందు కూర్చుని పొట్టపోసుకునేవాళ్ళలో ఫొటో స్టూడియోలవాళ్ళు, ఫ్లెక్సీలు వేసేవాళ్ళు తప్పకుండా కనిపిస్తారు. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే వాళ్ళకు రాత్రికీ పగటికీ తేడా ఉండదు. ఇంకో సంగతి. గల్ఫ్ దేశాలకు పనికి పోయినవాళ్ళు లేని ఊరు మా వైపు దొరకడం కష్టం. సెలవు దొరకక, కూతురి పెళ్ళిని ఆల్బములోనే చూసుకునే తండ్రులున్నారు. పిల్ల కట్టుకున్నది నిమ్మపండు రంగు చీరా, మామిడిపండు రంగు చీరా అన్నది ఆ తండ్రికి చెప్పవలసింది ఆ ఫొటోయే. దిద్దినవాడి తెర అబద్ధమాడితే అచ్చూ అబద్ధమాడుతుంది. ఆల్బము తిరిగి వస్తుంది. మళ్ళీ అచ్చు వేయించిన ఖర్చు స్టూడియోవాడి నెత్తిన పడుతుంది. గేములో తెర వెనకబడితే పోయేది ఒక ఆట. ఇక్కడ పోయేది కూలి.

అసలు తెర రంగును ఎలా చూపిస్తుందో ముందు చూద్దాం. మీ ఇంట్లో ఉన్న సెల్‌ఫోను తెరమీద తెల్లని బొమ్మ ఏదైనా పెట్టి, తడివేలితో ఆవగింజంత నీటిబొట్టు అంటించండి. బొట్టు కుంభాకార కటకంలా పనిచేస్తుంది గదా. దానిలోంచి చూస్తే తెలుపు ఎక్కడా కనిపించదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలో చుక్కలో వరసగా మెరుస్తూ కనిపిస్తాయి. ఇప్పుడు తంగేడుపూల బొమ్మ పెట్టి చూడండి. బతుకమ్మ పేర్చిన తాంబాళంలో అంత పచ్చగా మెరిసే తంగేడుపూవు బొమ్మలో పసుపు కాంతి చుక్కంతైనా ఉండదు! ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు పక్కపక్కన వెలిగితే, మన కన్ను ఆ రెంటినీ కలిపి పసుపు అనుకుంటుంది. తెర మీది ప్రతి రంగూ ఈ మూడు దీపాల మధ్య కుదిరిన ఒప్పందమే. ఆ మూడింటిలో ఒక దీపం సరైన ఎరుపు కాకపోయినా, సరైన ఆకుపచ్చ కాకపోయినా ఒప్పందమంతా చెడుతుంది.

ఆ దీపాలను పెంచి తగ్గించే పని ద్రవస్ఫటికాలది. 1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్‌ల నుంచి తీసిన కొలెస్టెరాల్‌తో చేసిన ఒక పదార్థాన్ని వేడి చేస్తుంటే, అది 145.5 డిగ్రీల వద్ద కరిగి పాలలాగా మసకగా మారింది. 178.5 డిగ్రీల వద్దగాని తేట కాలేదు. రెండుసార్లు కరిగే పదార్థమా అని ఆయన ఆశ్చర్యపడ్డాడు. ద్రవంలా పారుతూనే స్ఫటికంలా వరుసలు తీరి ఉండే స్థితి అది. ఈ రంగంలో మనవాళ్ళ పేరూ ఉంది. బెంగుళూరులోని రామన్ పరిశోధనా సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు 1977లో బిళ్ళల్లాంటి అణువులతో కొత్తరకం ద్రవస్ఫటికాలను కనుగొన్నారు. తెరలో రెండు ధ్రువణ ఫలకాల మధ్య ఈ స్ఫటికాల పొర ఉంటుంది. విద్యుత్తు మారేకొద్దీ అణువులు తిరిగి, వెనక దీపం వెలుగును ఒకచోట పోనిస్తాయి, మరోచోట ఆపుతాయి. ధ్రువణ అద్దాల కళ్ళజోడు ఎవరిదైనా దొరికితే తెర ముందు పెట్టి మెల్లగా తిప్పండి. చాలా తెరలు ఒక కోణంలో నల్లబడిపోతాయి.

ఇక అట్టపెట్టె దగ్గరికి వద్దాం. దానిమీద పెద్ద అక్షరాల్లో ఉండేది వేగం. రంగుల సంగతి ఏ మూలనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరు వెతకవలసింది అక్కడే. "ఎన్.టి.ఎస్.సి. 45 శాతం" అని ఉందనుకోండి. ఎన్.టి.ఎస్.సి. అంటే 1953లో అమెరికా రంగుల టెలివిజన్ కోసం పెట్టుకున్న కొలత. ఈనాటి ఫొటోలకు మామూలుగా వాడే కొలత ఎస్.ఆర్.జి.బి. ఇది 1996లో ప్రతిపాదించబడి, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. పాత కొలతలో 72 శాతం, కొత్త కొలతలో నూటికి నూరు దాదాపు సమానం. అంటే 45 శాతం తెర, ఫొటోలో ఉండగల రంగుల పరిధిలో 62 శాతం మాత్రమే చూపగలదు. మిగిలినవాటిని వెలిసిపోయినట్టు చూపిస్తుంది. అలాంటి తెరమీద దిద్దేవాడు, రంగు చాలడం లేదనుకుని ఇంకా ఇంకా పెంచుతాడు. అచ్చులో పెళ్ళికొడుకు మొహం టమాటాలా వస్తుంది.

రెండో అంకె, రంగుల సంఖ్య. ఒక్కో దీపానికి 256 మెట్లుంటే 256 × 256 × 256, అంటే 1,67,77,216 రంగులు. పెట్టెమీద దీన్ని 16.7 మిలియన్లని రాస్తారు. కొన్నిటిమీద 16.2 మిలియన్లని ఉంటుంది. ఆ కొద్ది తేడా ఎందుకు పట్టించుకోవాలంటారా? ఆ తెరల్లో నిజానికి ఒక్కో దీపానికి 64 మెట్లే ఉంటాయి. 64ను మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చేది 2,62,144 మాత్రమే. మధ్య మెట్లను, పక్క మెట్లు రెంటినీ గబగబా మార్చి చూపించి, కన్నును నమ్మిస్తారు. అలా లెక్కకు తెచ్చినవి దీపానికి 253 మెట్లు. 253ను మూడుసార్లు హెచ్చవేసి చూడండి, 16.2 మిలియన్లు ఎక్కడినుంచి వచ్చాయో మీకే తెలుస్తుంది. గేములకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఫొటోలో సాయంకాలపు ఆకాశం మెట్లుమెట్లుగా, చారలుగా కనిపించే ప్రమాదం మాత్రం ఉంది.

అయితే పరిధి ఎంత ఎక్కువైతే అంత మంచిదని పరుగెత్తకండి. నూరు దాటి విశాలమైన పరిధిగల తెరలున్నాయి. సరిగ్గా అమర్చుకోకపోతే వాటిమీద మామూలు ఫొటో కూడా మితిమీరిన ఎరుపుతో కనిపిస్తుంది. అదీ ఒక అబద్ధమే, కంటికి ఇంపైన అబద్ధం. విశాలమైన తెర కొంటే, దాన్ని ఎస్.ఆర్.జి.బి. పరిధికి కుదించే మీట సెట్టింగుల్లో ఉందో లేదో చూసుకోవాలి.

ఇప్పుడు గేములవారి మాట. వారిని తీసిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. సెకనుకు 60 బొమ్మలు మార్చే తెరలో ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 బొమ్మల తెరలో 6.9 మిల్లీసెకన్లు. లాభం దాదాపు 10. అక్కడినుంచి 240కి పోతే 4.2, అంటే లాభం 3కూడా లేదు. 360కి పోతే 2.8, లాభం ఒకటిన్నర లోపే. ధర మాత్రం ప్రతి మెట్టుకూ ఎక్కుతూ పోతుంది.

మీ చేతి వేగాన్నీ కొలుచుకోండి. స్నేహితుణ్ణి 30 సెంటీమీటర్ల స్కేలు నిలువుగా పట్టుకోమని, దాని సున్నా దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచండి. అతను చెప్పకుండా వదిలితే పట్టుకోండి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారనుకుందాం. స్వేచ్ఛాపతన సూత్రం ప్రకారం అది 0.2 సెకను, అంటే 200 మిల్లీసెకన్లు. కంటికీ చేతికీ మధ్య ఇంత ఆలస్యం ఉండగా 3 మిల్లీసెకన్ల కోసం ఇంట్లోవాళ్ళ డబ్బు ఖర్చు పెట్టించడం నాకు సబబుగా తోచదు. ఆ మొదటి 10 సంగతి వేరు. ఇద్దరి చేతులూ సమానమైనప్పుడు 10 గెలిపించవచ్చు. పైగా బొమ్మ స్పష్టత కూడా ఉంది. 1920 చుక్కల వెడల్పును ఒక సెకనులో దాటే బంతిని కన్ను వెంబడిస్తుంటే, 60 బొమ్మల తెరలో అది 32 చుక్కల మేర అలుక్కుపోతుంది, 144లో 13 చుక్కలే. కాబట్టి 100 నుంచి 144 దాకా అడగండి, అడగడంలో తప్పులేదు. కాకపోతే మీ కంప్యూటరు సెకనుకు 50 బొమ్మలే తయారుచేయగలిగితే తెర 144సార్లు మారి ఏం లాభం? ఎద్దు నడకను బట్టే బండి.

"ఒక మిల్లీసెకను స్పందన" అన్న మాటను కూడా కొంచెం ఉప్పువేసుకుని చదవండి. దానికోసం స్ఫటికాలను అతిగా తరిమితే, కదిలే బొమ్మ వెనక వెలుగుతోక కనిపిస్తుంది.

పలకల రకాలలో టి.ఎన్. వేగమైనది, చవకైనది. కానీ కూర్చుని చూస్తే ఒక రంగు, లేచి చూస్తే మరో రంగు. ఫొటోలకు పనికిరాదు. వి.ఎ. నలుపును బాగా చూపిస్తుంది, చీకటి బొమ్మలు కదిలినప్పుడు అలుకుతుంది. ఐ.పి.ఎస్.లో నలుపు కాస్త బూడిదగా ఉన్నా, ఏ పక్కనుంచి చూసినా రంగు నిలుస్తుంది. స్టూడియోలో ఒకడు దిద్దుతుంటే వెనక నలుగురు బంధువులు నిలబడి చూస్తారు కనుక ఇది చిన్న సంగతి కాదు. ఓలెడ్ తెరలో ప్రతి చుక్కా తానే దీపం, నలుపంటే పూర్తి చీకటి. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ధర ఎక్కువ, పైగా దిద్దే ప్రోగ్రాములో పనిముట్ల పట్టీ గంటలకొద్దీ ఒకేచోట నిలబడితే కాలక్రమంలో దాని ముద్ర తెరమీద ఉండిపోవచ్చు. నా ఓటు ఐ.పి.ఎస్.కే. ఇప్పుడు మామూలు ఐ.పి.ఎస్. మానిటర్లు కూడా చాలామటుకు 75, 100 బొమ్మలు ఇస్తున్నాయి. 144 ఇచ్చేవీ ఉన్నాయి.

సైజు గురించి ఎక్కువ చెప్పను. 24 అంగుళాలంటే కర్ణం పొడవు. 16:9 నిష్పత్తి తెలుసు కనుక పైథాగరస్ సిద్ధాంతంతో వెడల్పు 20.9, ఎత్తు 11.8 అంగుళాలని మీరే కట్టవచ్చు. 1920 చుక్కలను ఆ వెడల్పులో పరిస్తే అంగుళానికి 92. అవే చుక్కలను 27 అంగుళాల తెరమీద పరిస్తే 82 మాత్రమే. తెర పెరిగింది, బొమ్మ పలచబడింది. 27 కొనేవారు 2560 చుక్కల వెడల్పుగలదే కొనాలి.

మంచి తెర కొన్నాక చెడగొట్టేది వెలుగు. షాపులో కంటికి ఆనడానికి తెరలను పూర్తి వెలుగులో పెడతారు. ఇంటికి తెచ్చి అలాగే ఉంచుతారు. ఆ వెలుగులో సరిగ్గా ఉందనుకున్న ఫొటో, అచ్చులో నల్లబడి వస్తుంది. ల్యాబువాణ్ణి తిడతారు. ఫొటో పనికి చదరపు మీటరుకు 100 నుంచి 120 కాండెలాల వెలుగు చాలు. కొలిచే సాధనం లేకపోతే, తెర పక్కన ట్యూబులైటు కింద ఒక తెల్లకాగితం పట్టుకుని, తెరమీది తెలుపు ఆ కాగితమంత అయ్యేదాకా తగ్గించండి. వెనక గోడకు ముదురు నీలం, గులాబీ వంటి రంగు ఉంటే కన్ను మోసపోతుంది. ఎర్రటి కాగితాన్ని అరనిమిషం రెప్పవాల్చకుండా చూసి, తెల్లగోడను చూడండి. అక్కడ లేని ఆకుపచ్చ నీడ కనిపిస్తుంది.

తెర రంగులను కొలిచి సరిచేసే కాలిబ్రేటరు అనే పరికరం కూడా ఉంది. దాని పని నెలకు ఒకసారి, కొద్ది నిమిషాలు. ఒక్కో స్టూడియో ఒక్కొక్కటి కొనలేమని ఊరుకుంటున్నారు. ఒక మండలంలోని ఐదారుగురు కలిసి ఒకటి కొనుక్కుని వంతులవారీగా వాడుకోరాదా? సిరిసిల్లలో కూడా ఇది ఆలోచించదగినదే. చీర నమూనా ఫొటోను ఫోనులో పంపితే, అక్కడి వ్యాపారి తెరమీద ఇంకో రంగుగా కనిపిస్తుంది. నూలు రంగు వేశాక తేడా తేలితే నష్టం మగ్గందే.

ఒక తప్పు మాత్రం తెరమీదికి నెట్టకూడదు. పెళ్ళికూతురు మొహాన్ని సున్నం కొట్టినట్టు తెల్లబరచడం ఏ మానిటరూ చెప్పిన పని కాదు. రంగుల ఫిలిం రోజుల్లో కొడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన నమూనా ఫొటోలలో చాలా ఏళ్ళు తెల్లచర్మపు స్త్రీలే ఉండేవారు. చామనఛాయ మొహాలు సరిగ్గా రాకపోవడానికి అదొక కారణం. ఇప్పుడు చామనఛాయను ఉన్నదున్నట్టు చూపగల తెర మన బల్లమీదికి వచ్చింది. వచ్చాక కూడా మనమే దాన్ని చెరిపేస్తే ఎట్లా? ఎండలో పనిచేసే తల్లి మొహం కూతురి ఆల్బములో ఆమె మొహంలాగానే ఉండాలి.

షాపుకు పోయేటప్పుడు పెన్‌డ్రైవులో మీరు తీసిన ఫొటో ఒకటి పెట్టుకోండి. బతుకమ్మది ఉంటే మరీ మంచిది. తంగేడు పసుపు, బంతి నారింజ, రంగులద్దిన గునుగు, కుంకుమ అన్నీ ఒకేచోట ఉంటాయి. వీలైతే ఆ పూలు నాలుగు చేతిలోనూ పట్టుకుపోండి, నవ్వితే నవ్వనీ. కుంకుమ ముద్దలో వేలిగుర్తులు కనిపిస్తున్నాయా, లేక అంతా ఒకే ఎర్రని మరకగా ఉందా చూడండి. లేచి నిలబడి చూడండి, పక్కకు జరిగి చూడండి. తెరంతా తెలుపు, తెరంతా నలుపు పెట్టించి, వెలగని చుక్కలు, ఆరని చుక్కలు ఉన్నాయేమో వెతకండి. అలాంటివి ఎన్ని ఉంటే మార్చి ఇస్తారో వారంటీ కాగితంలో రాసి ఉంటుంది. అది చదివాకే డబ్బు కట్టండి.