నడుము పూసలో పగులు.. ఆపరేషన్ అందరికీ కాదు!

నల్లగొండ, మహబూబ్‌నగర్ మైదానాల్లో పోలీసు ఉద్యోగానికో, ఆర్మీకో, క్రికెట్‌కో సాధన చేసే పిల్లలు మీ ఇంట్లోనూ ఉండొచ్చు. వాళ్లు నడుము నొప్పి అంటే ‘పట్టేసింది’ అని బామ్ రాసి ఊరుకుంటాం. మర్రిగూడ, మునుగోడు వైపైతే ఫ్లోరైడ్ నీళ్ల మీదికి నెట్టేస్తాం. ఫ్లోరోసిస్‌లో వెన్ను ఏళ్ల తరబడి మెల్లగా బిగుసుకుపోతుంది. ఆటతో మొదలై, వెనక్కి వంగితే ఎక్కువై, విశ్రాంతి తీసుకుంటే తగ్గే నొప్పి వేరు. టీనేజీలో అలాంటి నొప్పి రెండు మూడు వారాలు దాటితే స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉందేమో చూడాలి.

ఎందుకొస్తుంది?

వెన్నుపూస వెనుక వైపు సన్నని ఎముక భాగం ఉంటుంది. పదే పదే వెనక్కి వంగి, మెలితిరిగితే అక్కడ పగులు వస్తుంది. అందుకే ఫాస్ట్ బౌలర్లలో ఎక్కువ. సాధారణంగా దెబ్బతినేది నడుములోని ఐదో పూస. తొలిదశ పగులు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది.

బుమ్రా ఏం చేశారు?

2019లో జస్‌ప్రీత్ బుమ్రాకు నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్ అయింది. ఆపరేషన్ లేకుండానే కోలుకుని 2020 జనవరిలో మళ్లీ ఆడారు. 2022 సెప్టెంబర్‌లో హైదరాబాద్ మ్యాచ్ తర్వాత నడుము మళ్లీ ఇబ్బంది పెట్టింది. ఆ తర్వాతే, 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో సర్జరీ జరిగింది. మళ్లీ బంతి పట్టింది ఆగస్టులో. అంతటి ఆటగాడికి కూడా మొదటి మందు విశ్రాంతే, సర్జరీ ఆ తర్వాతి మాట.

చిన్న కోతతో లాభమెంత?

‘కీహోల్ సర్జరీ, మర్నాడే ఇంటికి’ అనే ప్రకటనలు చూస్తుంటాం. చిన్న కోతతో స్క్రూ బిగిస్తే కండరాలు తక్కువ దెబ్బతింటాయి, రక్తస్రావమూ తక్కువే. ఇది నిజమైన మేలే. కానీ కోత చిన్నదైనంత మాత్రాన ఎముక త్వరగా అతుక్కోదు. ఆటకు నెలలు ఆగాల్సిందే.

ఇంకో విషయం. పెద్దవాళ్లలో నూటికి సుమారు ఆరుగురికి ఈ పగులు ఉంటుంది. చాలామందికి నొప్పే ఉండదు. కాబట్టి స్కాన్‌లో పగులు కనిపించడం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు.

సంతకం పెట్టేముందు అడగండి

- కనీసం మూడు నెలలు ఆట మాన్పించి, ఫిజియోథెరపీ చేయించామా?
- విటమిన్ డి పరీక్ష చేశారా?
- పూస ముందుకు జారిందా? నరం నొక్కుకుంటోందా?
- రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకున్నామా?

విశ్రాంతి, వ్యాయామంతోనే చాలామంది పిల్లలు తిరిగి ఆడగలుగుతారు. నెలల తరబడి చికిత్స చేసినా నొప్పి తగ్గకపోతే, పూస జారుతుంటే సర్జరీకి వెనుకాడొద్దు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అక్కడ మాత్రం ఆలస్యం పనికిరాదు.