ఉమ్మడి సైకిలుకు నీరటి కావాలి

విద్య అందరికీ అందుబాటులోకి రావాలని పెద్దలు ప్రతి సభలోనూ చెబుతూనే వుంటారు. మంచిదే. కానీ విద్య కంటే ముందు విద్యాలయం అందుబాటులోకి రావాలి కదా! పల్లె నుంచి పొద్దున్నే బయల్దేరిన విద్యార్థికి బస్ పాసు పనిచేసేది మన మెయిన్ గేటు వరకే. గేటు నుంచి సైన్సు బ్లాకుకు రెండు కిలోమీటర్లు. నడిస్తే ఇరవై అయిదు నిమిషాలు. షేర్ ఆటో ఎక్కితే పోను పది, రాను పది. ఏడాదికి 200 పనిదినాలు వేసుకున్నా 4,000 రూపాయలు. ఈ లెక్క కొందరికి నవ్వులాటగా వుండొచ్చు. ఎకరం పొలం ఒకసారి దున్నించిన ట్రాక్టరు కిరాయి అంతకన్నా తక్కువేనని తెలిసినవాళ్ళకు మాత్రం నవ్వు రాదు.

ఈ రెండు కిలోమీటర్లకు జవాబు సైకిలు. అదీ మనిషికొకటి కాదు, అందరికీ కలిపి. గేటు దగ్గర తీసుకుని బ్లాకు దగ్గర వదిలేస్తే, దాన్నే ఇంకొకరు తీసుకుని లైబ్రరీకి పోతారు. సొంత సైకిలు కొనుక్కోవచ్చు కదా అంటారు. బస్సులో వచ్చేవాడు దాన్ని రాత్రంతా గేటు దగ్గర ఎవరికి అప్పజెప్పి పోవాలి? పైగా ఎనిమిది నిమిషాలు తొక్కి మిగతా రోజంతా చెట్టు కింద ఎండబెట్టడానికి ఒక్కొక్కరూ ఒక్కొక్క సైకిలు కొనడం తెలివైన పనేనా?

సైన్సు విద్యార్థిని గనుక ఇంకొక మాట. 1973లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఎస్. ఎస్. విల్సన్ అనే ఆయన ఒక వ్యాసం రాశారు. బరువునూ దూరాన్నీ బట్టి ఖర్చయ్యే శక్తిని లెక్కగడితే, సైకిలెక్కిన మనిషి జంతువులన్నిటినీ, మోటారు వాహనాలనూ కూడా మించిపోతాడని అందులో తేల్చారు. నడిచే మనిషే సైకిలెక్కితే అదే శ్రమతో మూడింతలు వేగంగా పోతాడు. పెట్రోలు అక్కర్లేదు, పొగ రాదు. ఇంతకంటే గొప్ప యంత్రాన్ని మన ఫిజిక్సు ల్యాబులో కూడా ఎవరూ చూపించలేరు!

అయితే ఉమ్మడి సైకిలు అనగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎవరిదీ కానిదాన్ని ఎవరు కాపాడతారు?" న్యాయమైన ప్రశ్నే. లోకంలో దీనికి చాలా అనుభవం వుంది.

1965లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ప్రోవో అనే యువకుల బృందం కొన్ని సైకిళ్ళకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా వీధిలో పెట్టింది. ఎవరైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా వదలొచ్చు. ఈ ఆలోచన చేసినవాడు లూడ్ స్కిమ్మెల్‌పెన్నింక్. ఆశయం ఉన్నతమైనదే. కానీ తాళం లేని సైకిలు వీధిలో వుండటం చట్టవిరుద్ధమని పోలీసులు వాటిని పట్టుకుపోయారు. 1995లో కోపెన్‌హాగెన్‌లో నాణెం వేస్తే సైకిలు వూడివచ్చే పద్ధతి పెట్టారు, తిరిగి తగిలిస్తే నాణెం వెనక్కి వస్తుంది. తీసుకున్నది ఎవరో తెలియదు గనుక దొంగతనాలు ఆగలేదు. మరుసటి ఏడాది 1996లో ఇంగ్లాండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం తన విద్యార్థులకూ సిబ్బందికీ అయస్కాంతపు కార్డులిచ్చింది. ఏ సైకిలు ఎవరి చేతిలో వుందో అప్పుడు తెలిసింది. ఈనాడు లోకమంతా నడిచే పథకాలకు ఆ కార్డే దారి చూపింది. అది పుట్టింది ఒక విశ్వవిద్యాలయంలో అన్నది మనం గుర్తుంచుకోవాలి.

చైనాలో జరిగింది మరీ విచిత్రం. 2014లో పెకింగ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఓఫో అనే సంస్థను పెట్టారు. మొదట్లో వాళ్ళు తోటి విద్యార్థులను అడిగింది ఒక్కటే: నీ సైకిలు ఉమ్మడిలోకి ఇయ్యి, ఉమ్మడిలోని సైకిళ్ళన్నీ నీవే అనుకో. ఎంత చక్కని మాట! కానీ కోట్ల పెట్టుబడి వచ్చి పడింది. క్యాంపస్ దాటి నగరాల మీదికి లక్షల సైకిళ్ళు గుమ్మరించారు. బాగుచేసే చేతులు చాలలేదు. విరిగిన సైకిళ్ళు గుట్టలు పడ్డాయి. 2018 చివరికి డిపాజిట్ డబ్బు వెనక్కి ఇమ్మని కోటిమందికి పైగా క్యూ కట్టారు. మన దేశానికి కూడా ఆ సంస్థ 2018లోనే వచ్చి, కొన్ని నెలల్లోనే మూట కట్టుకుని పోయింది.

దీన్నిబట్టి ఏం తేలుతోంది? రెండు సంగతులు. ఒకటి, తీసుకున్నవాడెవరో తెలియాలి. రెండు, చూసుకునే మనిషొకడు వుండాలి. ఈ రెండింటి కోసం విదేశాలకు పోనక్కర్లేదు. మన పల్లెటూళ్ళకు ఎప్పటినుంచో తెలుసు.

మా నాన్న చదువుకునే రోజుల్లో మండల కేంద్రంలో అద్దె సైకిళ్ళ షాపు వుండేది. గంటకింత అని అద్దె. షాపతను అడిగే మొదటి ప్రశ్న "ఎవరబ్బాయివి?" అని. నోటుబుక్కులో పేరు, టైము రాసుకునేవాడు. ఊరి పెద్దమనిషి పేరు చెబితేనే కొత్తవాడికి సైకిలు. పోర్ట్స్‌మత్ వాళ్ళు కార్డులో పెట్టింది ఆ "ఎవరబ్బాయివి?" అన్న ప్రశ్ననే! పంక్చరైతే ఆ షాపతనే వేసేవాడు. అంటే రెండు సూత్రాలూ ఆ రేకుల షెడ్డులో వున్నాయన్నమాట.

ఇక చెరువు సంగతి. చెరువు ఊరందరిదీ. అందరిదైనా నీళ్ళు ఎవరికి వాళ్ళు తిప్పుకోవడానికి వీల్లేదు. తూము దగ్గర నీరటి వుంటాడు. ఏ మడికి ఎప్పుడు నీళ్ళు పారాలో ఆయన చూసేవాడు. వంతు తప్పితే ఎంత పెద్ద రైతునైనా ఆపేవాడు. పంట చేతికొచ్చాక కల్లంలో ప్రతి రైతూ ఆయనకు ధాన్యం కొలిచేవాడు. నీరటి పోయిన చోట తూములు పగిలాయి, కాలువలు పూడాయి, బలమున్నవాడు మోటారు పెట్టుకున్నాడు. ఉమ్మడి ఆస్తి పాడైంది ఉమ్మడిది కావడం వల్ల కాదు, నీరటికి కూలి ఇవ్వడం మానేసినందువల్ల!

కాబట్టి నా ప్రతిపాదన యిది. 100 సైకిళ్ళు, గేర్లు లేనివి, ఆడపిల్లలకు కూడా అనువుగా నడిమి కడ్డీ కిందికి వున్నవి. ఒక్కొక్కటి 6,000 అనుకుంటే 6 లక్షలు. ఇది ఒక్కసారి ఖర్చు. కళాశాల నిధి, పూర్వ విద్యార్థులు తలా కాస్త వేసుకోవచ్చు. సభ్యత్వం ఏడాదికి 500 రూపాయలు. 400 మంది చేరితే 2 లక్షలు. నెలకు 12,000 జీతంతో ఒక మెకానిక్‌ను పెడితే ఏడాదికి 1,44,000 పోగా 56,000 మిగులుతుంది. టైర్లకూ, ట్యూబులకూ, బ్రేకు కట్టెలకూ అది సరిపోతుంది. సెల్‌ఫోను యాప్ వుంటే సరే, లేకపోయినా ఐడెంటిటీ కార్డు, నోటుబుక్కు చాలు. కానీ మెకానిక్ లేకుండా మాత్రం మొదలుపెట్టవద్దు. ఆయనే మన నీరటి.

ఇబ్బందులు లేవని నేననను. పొద్దున తొమ్మిదిన్నరకు అందరూ గేటు నుంచి లోపలికే పోతారు. పది గంటలకు సైకిళ్ళన్నీ బ్లాకుల దగ్గర, జనమంతా గేటు దగ్గర! 2007లో వెలిబ్ పథకం పెట్టిన పారిస్‌కు కూడా ఈ తిప్పలు తప్పలేదు. లారీల మీద సైకిళ్ళను ఒకచోటి నుంచి ఇంకొక చోటికి మోయిస్తారు. మనకు ఒక ట్రాలీ ఆటో రెండు ట్రిప్పులు తిరిగితే చాలు. ల్యాబు వున్నవాళ్ళు పొద్దున ముందుగా వస్తారు, లేనివాళ్ళు తర్వాత వస్తారు. వంతులు ఏర్పరచుకోవడం కూడా చదువులో భాగమే.

"మోటారు బండ్ల కాలంలో సైకిలేమిటోయ్?" అని నామోషీ పడే మిత్రులు కొందరున్నారు. వాళ్ళను ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ బండి వాయిదాలు ఎవరు కడుతున్నారు? పత్తి అమ్మిన డబ్బులో అప్పు తీర్చాక మిగిలిందాంట్లోంచి కాదూ? రెండు కిలోమీటర్ల గొప్ప కోసం నాన్న వీపు మీద ఇంకో బరువు పెట్టడం ఏ చదువు నేర్పింది?

ఆడపిల్లల మాట ప్రత్యేకంగా చెప్పాలి. బీహారు ప్రభుత్వం 2006లో హైస్కూలు బాలికలకు సైకిళ్ళివ్వడం మొదలుపెట్టాక బడిలో వాళ్ళ సంఖ్య బాగా పెరిగిందని ఆర్థికవేత్తలు పరిశీలించి చెప్పారు. సాయంత్రం ల్యాబు ఆలస్యమైతే మన క్లాసు అమ్మాయిలు చివరి బస్సు కోసం చీకట్లో పరుగెత్తడం మనం రోజూ చూస్తున్నాం. ఆ బస్సు తప్పుతుందని ప్రాక్టికల్సు మధ్యలో వదిలేసి పోయేవాళ్ళున్నారు. వాళ్ళకు సైకిలంటే షోకు కాదు, పూర్తయిన ప్రయోగం. సైకిళ్ళతోపాటు ఆ దారిలో దీపాలు కూడా వెలగాలి మరి.

మన దగ్గర ఇవన్నీ నడవవు అనేవాళ్ళు మైసూరు పోయి చూడాలి. 2017లో అక్కడ ట్రిన్ ట్రిన్ పేరుతో ఊరంతటికీ ఉమ్మడి సైకిళ్ళు పెట్టారు. నగరమంతా చేయగలిగిన పని ఒక ప్రాంగణంలో, ఒకరి ముఖం ఒకరికి తెలిసిన చోట, మనం చేయలేమా?

యూనియన్ మిత్రులకు నా మనవి. ఎన్నికలప్పుడు మీరిచ్చే వాగ్దానాల జాబితాలో ఇదొక్కటి చేర్చండి. ముందు ఇరవై సైకిళ్ళతో, ఒక మెకానిక్‌తో ఒక టర్ము నడిపి చూడండి. లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టండి. మొదటి 500 రూపాయలు కట్టడానికి నేను సిద్ధం. మిగతా 399 మంది ఎవరో చేయి ఎత్తండి!