బయటివాళ్ల మీద కోపం ఎక్కడ పుడుతుంది?

సదుం, పుంగనూరు పల్లెల నుంచి బెంగళూరుకో కువైట్‌కో పనికి వెళ్లినవాళ్లు ఎందరో. అక్కడ వాళ్లు పరాయివాళ్లు. ఇక్కడ హోటళ్లలో, ఇళ్ల కట్టుబడి పనుల్లో చేరిన ఉత్తరాది, ఒడిశా కుర్రాళ్లు మనకు పరాయివాళ్లు. 'వీళ్లొచ్చాక మనకు కూలి గిట్టడం లేదు' అని మన యువకులు కొందరు గొణుగుతారు. ఆ కోపం ఇంట్లో పెరిగిన తీరు నుంచి వచ్చిందా, బతుకు భయం నుంచి వచ్చిందా?

పెంపకమే మూలమన్నవాళ్లలో జర్మన్ తత్వవేత్త అడార్నో బృందం ముఖ్యమైనది. దెబ్బలకు భయపడి పెరిగిన పిల్లవాడు పైవాడికి తల వంచి, తనకంటే బలహీనుడి మీద కసి తీర్చుకుంటాడని వాళ్లు 1950లో వాదించారు. వాళ్లు వాడిన ప్రశ్నావళిలో లోపాలున్నాయని తర్వాతివాళ్లు తేల్చారు గానీ, ఆ ఆలోచన చర్చలో నిలిచింది. 1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి కూడా భయం ఉన్నచోట తెలివి వికసించదనే చెప్పారు. కొడితేగానీ పిల్లలు దారికి రారని నమ్మే ఇళ్లు మన వైపు తక్కువేమీ కాదు.

అయితే హైదరాబాద్‌లో స్థానికుల (ముల్కీల) హక్కుల కోసం సాగిన ముల్కీ ఉద్యమం ఈ వాదానికి లొంగదు. స్థానికులకే ఉద్యోగాలన్న నిబంధన నిజాం కాలంలోనే, 1919లో వచ్చింది. దాన్ని పక్కనపెట్టి బయటివాళ్లను నియమిస్తున్నారంటూ 1952లో హైదరాబాద్ విద్యార్థులు వీధికెక్కారు. సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1969లో తెలంగాణ ఉద్యమంలో మళ్లీ అదే ఆగ్రహం. తుపాకీకి ఎదురు నిలిచిన ఆ పిల్లలను అధికారానికి దాసులని ఎలా అంటాం? వాళ్ల ఫిర్యాదులో న్యాయముంది. కానీ ఆ వేడిలో, నియామకాలతో సంబంధం లేని మామూలు ఆంధ్ర కుటుంబాలు కూడా భయపడ్డాయి. అది న్యాయం కాదు.

రాజకీయ మనస్తత్వ పరిశోధకురాలు కరెన్ స్టెన్నర్ 2005లో చెప్పినది నాకు సబబనిపిస్తుంది: లోపల దాగిన అసహనం మామూలు రోజుల్లో నిద్రపోతుంది, ముప్పు వచ్చిందనిపించగానే లేస్తుంది. కాబట్టి పెంపకమొక్కటే కారణం కాదు, నిరుద్యోగమొక్కటే కారణం కాదు. అయినా నా తూకం కొంచెం పెంపకం వైపే మొగ్గుతుంది. కూలి తగ్గితే నిలదీయాల్సింది తక్కువకు పని చేయించుకునే కాంట్రాక్టరును, చూస్తూ ఊరుకునే ప్రభుత్వాన్ని. పెద్దవాళ్లను ప్రశ్నించడం నేర్వని కుర్రాడు ఆ ఇద్దరినీ వదిలేసి, పక్కన ఇటుకలు మోస్తున్న ఒడియా కుర్రాడి మీద పడతాడు.

సదుం హైస్కూలు ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా, పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తే దండించకండి, జవాబు చెప్పండి.