జార్‌జార్‌ను చూసి నవ్వే ముందు: స్టార్ వార్స్ ముందుకథలో మాకు నచ్చిన అయిదు ఘట్టాలు

  

ఈసారి పోస్టు స్కాలర్‌షిప్ గురించి కాదు, నోటిఫికేషన్ గురించి కాదు. సినిమా గురించి. "పరీక్షలు ముందల పెట్టుకొని సినిమాలేందిరా" అని పెద్దన్నలు కోప్పడకుండ్రి. చివరిదాకా చదివినంక తిట్టుండ్రి, పడతం.

మొన్న దసరా సెలవులల్ల మేం కొందరం ఒక్క గదిలో కూసున్నం. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల తండాలోళ్లం, మానుకోట నుంచి వచ్చినోళ్లు ఇద్దరు, భూపాలపల్లి అడవి అంచు నుంచి ఒక కోయ దోస్తు. ఒక్క లాప్‌టాప్, రెండు పొట్లాల మిర్చి బజ్జీ. మూడు రోజులు, మూడు సినిమాలు. జార్జ్ లూకాస్ తీసిన స్టార్ వార్స్ ముందుకథ: 1999లో ఫాంటమ్ మెనేస్, 2002లో అటాక్ ఆఫ్ ది క్లోన్స్, 2005లో రివెంజ్ ఆఫ్ ది సిత్.

తెలియనోళ్లకు ఒక్క ముక్క. 1977 నుంచి 1983 దాకా వచ్చిన మొదటి మూడు సినిమాలను లోకం నెత్తిన పెట్టుకున్నది. అందులో డార్త్ వేడర్ అనే నల్ల ముసుగు విలన్ ఉంటడు. వాడు చిన్నప్పుడు ఎట్లుండె, ఎట్ల చెడిపోయిండు అన్నదే ఈ ముందుకథ. పాత అభిమానులు చూసి మండిపడ్డరు. పన్నుల గొడవ ఎక్కువన్నరు, మాటలు కట్టెలెక్క ఉన్నయన్నరు, జార్‌జార్ బింక్స్ అనే పాత్రను చూసి పళ్లు కొరికిన్రు. కానీ చిన్నప్పుడు ఇవే చూసి పెరిగినోళ్లు ఇప్పుడు వీటినే ప్రేమిస్తున్నరు. 2024లో మొదటిదాన్ని, 2025లో మూడోదాన్ని మళ్లీ థియేటర్లల్ల వేస్తే జనం పోయి చూసిన్రు.

మాటలు కట్టెలెక్క ఉన్నయన్నది మేమూ ఒప్పుకుంటం. రెండో సినిమాలో హీరో అనాకిన్ ప్రేమించిన పిల్ల దగ్గర తనకు ఇసుక అంటే ఇష్టం లేదని చెప్తడు. గది మొత్తం పడీపడీ నవ్వినం. మన దిక్కు ఇసుక లారీలను చూసి ఎవలన్నా ఆ మాట అంటే సంతోషమే గానీ, పిల్ల దగ్గర అనే మాటనా అది? అయినా ఈ సినిమాలు మనసోంటోళ్లు చూడాల్సినవే అని మా అభిప్రాయం. ఎందుకో అయిదు ఘట్టాలతోని చెప్తం.

ఒకటి. రాణి మోకాళ్ల మీద కూసున్న ఘట్టం.

నాబూ అనే గ్రహం మీద రెండు జాతులు ఉంటయి. పైన పాలరాతి మేడలల్ల మనుషులు, నీళ్ల కింద గుంగన్లు. ఇద్దరికీ మాటలు లేవు. మేడలోళ్లకు గుంగన్లంటే చిన్నచూపు. ఇంతల వ్యాపార కంపెనీలోళ్లు పన్నుల పంచాయితీ పెట్టి సైన్యంతో మీద పడ్తరు. పన్నుతోని మొదలైన యుద్ధం అంటే మనకు కొత్త కాదు, మేడారం కథ తెలిసిన ప్రతి పిల్లగానికి ఎరుకే. అప్పుడు రాణి పద్మే అడవిలోకి వచ్చి, గుంగన్ల నాయకుడు బాస్ నాస్ ముందర అందరు చూస్తుండంగ మోకాళ్ల మీద కూసుంటది. మీ సాయం లేకుంటే మేం లేమని ఒప్పుకుంటది. బాస్ నాస్ ముఖం ఒక్కసారి విప్పారుతది. ఆయన అడిగింది రాజ్యం కాదు, సొమ్ము కాదు. మేం మీకంటె తక్కువ కాదన్న ఒక్క మాట.

ఇది మా మొదటి ఇష్టమైన ఘట్టం. కానీ దీని మీదనే మాకు లొల్లి అయింది. మాల ఒకరన్నరు, "గుంగన్లంటే మనమే కదా, పైన మేడలోళ్లు బయటోళ్లు" అని. అప్పుడు కోయ దోస్తు నెమ్మదిగ అడిగిండు, "మన గదిలనే ఎవరు నాబూ, ఎవరు గుంగన్?" అని. కాసేపు ఎవలం మాట్లాడలే. 2017 నుంచి రిజర్వేషన్ వాటా మీద లంబాడోళ్లకు, ఆదివాసీలకు మధ్యన నడుస్తున్న పంచాయితీ అందరికీ తెలుసు. ఒక్క ప్లేట్ల తింటం, ఒక్క బండి మీద తిరుగుతం, ఆ మాట మాత్రం తీయం. ఎవరిది న్యాయమో తేల్చేటందుకు ఈ పోస్టు రాస్తలేం. కానీ ఆ రాత్రి మొదటిసారి ఆ మాట కోపం లేకుండ మాట్లాడుకున్నం. ఎదుటోని బాధ ముందు వినాలె, తర్వాత మన లెక్క చెప్పాలె. గ్రహం ఒక్కటే అయినప్పుడు ఒకనికి తగిలిన దెబ్బ రెండోవానికి తగలక తప్పదు.

ఇంకొక మాట కూడ దాచకుండ చెప్పాలె. రాణి మోకరిల్లింది బాగనే ఉన్నది. మరి యుద్ధంల ఏమైంది? గుంగన్ల సైన్యం పచ్చిక మైదానంల శత్రువుకు ఎదురు నిలబడ్డది, శత్రువు దృష్టి మళ్లించేటందుకు. అటు రాణి మనుషులు కోటలోకి చొరబడి కంపెనీ నాయకున్ని పట్టుకున్నరు. గెలుపు కోటల, చావు మైదానంల. చివర ఊరేగింపుల బాస్ నాస్ చేతిల ఒక వెలిగే గోళం పెట్టి చప్పట్లు కొట్టిన్రు. మనకు కూడ పోరాటం అయినంక అట్లాంటి సన్మానాలు, శాలువలు అలవాటే.

రెండు. తల్లిని విడిచిపోయే ఘట్టం.

అనాకిన్ తొమ్మిదేండ్ల బానిస పిలగాడు. తల్లి ష్మీ కూడ బానిసే. పాత సామాన్ల దుకాణంల పని చేసుకుంట, ముక్కలు ఏరుకొచ్చి సొంతంగ పందెం బండి కట్టుకుంటడు. తల్లికి పనిల ఆసరా అయితదని ఒక మరమనిషిని కూడ తయారు చేస్తడు. పందెం గెలుస్తడు, స్వేచ్ఛ వస్తది. కానీ వానికి ఒక్కనికే. తల్లి బానిసగనే మిగులుతది. మళ్లొచ్చి నిన్ను విడిపిస్తనని చెప్పి పోతడు. పోయేటప్పుడు ఎనుకకు తిరిగి చూడొద్దని తల్లే చెప్తది.

పందెం సీను చూసి అందరు ఈలలు వేస్తరు. మాకు మాత్రం ఈ సీనుకాడ గొంతు పట్టింది. మాల దాదాపు అందరం మూడో తరగతికో, అయిదో తరగతికో ట్రంకు పెట్టె పట్టుకొని ఆశ్రమ పాఠశాలకు పోయినోళ్లమే. గేటు బయట యాడి నిలబడి కొంగు నోట్లె కుక్కుకొని ఉంటది. ఎనుకకు చూస్తే ఏడుస్తమని తెలుసు, చూడకుంటె తను ఏడుస్తదని తెలుసు. ఊర్లె అందరు "పిలగాడు బాగుపడ్డడు" అంటరు. నిజమే, బాగుపడ్డం. కానీ ఆ యాడి ఇంకా అదే కూలికి పోతున్నది కదా.

సినిమా ఇక్కడ నిజం చెప్పింది. వాన్ని తీస్కపోయిన జెడై పెద్దలు గొప్ప జ్ఞానులు. కానీ పదేండ్లల్ల ఆ తల్లిని విడిపించాలన్న సోయి ఒక్కనికి రాలే. తెలివిగల పిలగాన్ని ఏరుకొని పోవుడు వేరు, ఇంటిని నిలబెట్టుడు వేరు. అనాకిన్ చెడిపోయింది చివరి సినిమాల కాదు, ఆ గేటు కాడనే చెడుడు మొదలైందని మా నమ్మకం.

మూడు. టస్కెన్ల గుడారాలు.

ఇది నచ్చిన ఘట్టం అని ఎట్ల అనాలెనో తెల్వది. మరువలేని ఘట్టం. పదేండ్ల తర్వాత అనాకిన్ తల్లిని వెతుక్కుంట పోతడు. ఎడారిల తిరిగే టస్కెన్లు ఆమెను ఎత్తుకపోయి కట్టేసి హింసిస్తరు. ఆమె కొడుకు చేతులల్లనే పాణం విడుస్తది. అప్పుడు వాడు ఆ గుడారాలల్ల ఉన్నోళ్లను అందరినీ నరుకుతడు. ఆడోళ్లను, పిల్లల్ని కూడ. తర్వాత తనే ఏడ్చుకుంట చెప్తడు, వాళ్లు జంతువులు, అట్లనే చంపిన అని.

పద్మే వాన్ని ఓదారుస్తది. చచ్చిన పిల్లల కోసం ఎవరూ ఏడువరు. సినిమా మొత్తంల టస్కెన్‌కు ఒక్క పేరు లేదు, మనకు అర్థమయ్యే ఒక్క మాట లేదు. మొహానికి గుడ్డలు, చేతిల కర్ర, పుట్టుకతోనే దొంగ. 1871ల బ్రిటిషోళ్లు చట్టం తెచ్చి సంచార జాతుల్ని పుట్టుకతోనే నేరస్థులని రాసుకున్నరు. కొన్ని ప్రాంతాలల్ల లంబాడోళ్లను కూడ ఆ పట్టీల ఎక్కించిన్రు. ఆ చట్టం పోయింది 1952ల. ముద్ర మాత్రం చట్టంతోని పోలే. బస్టాండుల సంచి పోతే మొదలు ఎవరి దిక్కు చూస్తరో మనకు తెలుసు.

అయితే ఈ కథకు ఒక మంచి మలుపు ఉన్నది. రెండో సినిమాల జాంగో ఫెట్‌గ వేసిన నటుడు టెమ్యూరా మోరిసన్ న్యూజిలాండ్ మావోరీ, అంటే అక్కడి మూలవాసి. ఇరవై ఏండ్ల తర్వాత ఆయన పెద్ద పాత్రగ ది బుక్ ఆఫ్ బోబా ఫెట్ అనే సిరీస్ వచ్చింది. అందుల ఆయన టస్కెన్లతోని కలిసి బతుకుతడు. వాళ్లకు కుటుంబం ఉంటది, ఆచారం ఉంటది, మంట చుట్టూ ఆట ఉంటది. ఆ ఆటల మావోరీల హకా ఛాయ కనిపిస్తది. మనోడు ఒకడు లోపలికి పోతే కథ ఎట్ల మారుతదో చూసిన్రా?

నాలుగు. జార్‌జార్ పెట్టిన తీర్మానం.

అసలు మాట ఇదే. జార్‌జార్ బింక్స్ గుంగన్ పిలగాడు. చెవులు వేలాడుకుంట, తడబడుకుంట, వచ్చీరాని భాష మాట్లాడుకుంట నవ్విస్తడు. ఆ యాస మీద అమెరికాలనే విమర్శ వచ్చింది, నల్లజాతి వాళ్ల మాటతీరును వెక్కిరించినట్టున్నదని. లూకాస్ కాదన్నడు. మాకు మాత్రం చూడంగనే మన తెలుగు సినిమాలు యాదికొచ్చినయి. ఆకుల లంగా, నెత్తిమీద ఈక, "దొరా, దొరా" అనుకుంట ఉరికే కామెడీ పాత్ర. థియేటరంత నవ్వుతుంటే మనం కూడ నవ్వినం చిన్నప్పుడు, పక్కోనికి మనమెవరమో తెల్వద్దని.

ఇప్పుడు రెండో సినిమాకు రాండ్రి. పద్మే సెనేటర్ అయింది. ఆమెను చంపుతరన్న భయంతోని దూరం పంపి, ఆమె కుర్చీల జార్‌జార్‌ను కూసోబెట్టిన్రు. నాయకుడు పాల్పటీన్‌కు అత్యవసర అధికారాలు కావాలె. తను అడిగితే బాగుండదు. అందుకని జార్‌జార్ వింటుండంగనే పాల్పటీన్ అంటడు, ఇంత పెద్ద సవరణ పెట్టే ధైర్యం ఏ సెనేటర్‌కు ఉన్నదని. ఆమె ఉంటే పెట్టు అని పక్కోడు నిట్టూరుస్తడు. అంతే. పాపం జార్‌జార్ సభల లేచి తనే తీర్మానం పెడ్తడు. సభంత చప్పట్లు. ప్రజాస్వామ్యం గొంతు పిసికే తాడు ఒక గుంగన్ చేతులతోని కట్టించిన్రు. ఇంకొక సంగతి, పాల్పటీన్ కూడ నాబూ వాడే. బయటోడు కాదు, సొంతూరోడే.

జనమంత జార్‌జార్‌ను తిట్టుకున్నరు, తెలివి లేనోడు అని. మాకు కోపం వాని మీద రాలే. వానికి కుర్చీ ఇచ్చిన్రు గానీ కాగితం ఎవరూ చదివి చెప్పలే. మొదటి సినిమాల నవ్వించుటానికి, రెండో సినిమాల సంతకానికి వాడుకున్నరు.

2018 చట్టంతోని మన తండాలు గ్రామ పంచాయతీలు అయినయి. తరాల కోరిక అది. మన తండాకు మన సర్పంచ్. మంచిదే, గర్వపడ్డం. కానీ ఎన్ని తండాలల్ల మన యాడి సర్పంచ్ అయ్యి, సంతకం ఆమెది, మాట ఇంకెవరిదో అయి ఉన్నది? ఏజెన్సీ ఊర్లల్ల పెసా చట్టం 1996 నుంచి ఉన్నది. ఇసుక వంటి చిన్న ఖనిజాల లీజుకు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో ముందుగ సిఫారసు చేయాలని అందుల ఉన్నది. భూమి తీసుకునే ముందు సంప్రదించాలని ఉన్నది. 2006 అటవీ హక్కుల చట్టంల పోడు భూమి హక్కు పని మొదలయ్యేదే గ్రామసభ కాడ. అంటే మన చేతిల ఓటున్నది, తీర్మానం ఉన్నది. చదవకుండ పెట్టిన సంతకం మనదే అయితది, తిట్లు మనకే వస్తయి.

అయిదు. మాట లేని ఊరేగింపు.

మూడో సినిమాల పాల్పటీన్ సామ్రాజ్యం ప్రకటిస్తే సభ చప్పట్లతోని దద్దరిల్లుతది. స్వేచ్ఛ చప్పట్ల మధ్యల చచ్చిపోతున్నదని పద్మే బాధపడ్తది. ఆ మాట అందరికీ ఇష్టమే. మాకు దానికంటె చివర ఆమె శవయాత్ర ఎక్కువ నచ్చింది. నాబూ వీధులల్ల జనం. చిన్నప్పుడు అనాకిన్ చెక్కి ఇచ్చిన బిళ్ల ఆమె చేతుల మధ్యల. ఎనుక బాస్ నాస్, జార్‌జార్. మొదటి సినిమాల నోరు మూయనోడు ఇక్కడ తల దించుకొని నడుస్తుంటడు. ఒక్క మాట లేదు, ఒక్క నవ్వు లేదు. వానికి అంత అర్థమైంది. ఎవరూ వాని దిక్కు చూడరు.

జార్‌జార్‌గ వేసిన అహ్మద్ బెస్ట్ నల్లజాతి నటుడు. జనం ద్వేషం తట్టుకోలేక అప్పట్ల పాణం తీసుకుందామని అనుకున్న అని 2018ల ఆయననే చెప్పిండు. 2023ల ది మాండలోరియన్ సిరీస్‌ల అదే మనిషిని జెడై యోధునిగ చూపించిన్రు, పసిపిల్లను కాపాడే యోధునిగ. పాత్రను తిట్టుడు వేరు, మనిషిని తిట్టుడు వేరు. మన గ్రూపుల కూడ ఒకరి యాస మీద, ఊరి మీద, తెగ మీద మీమ్స్ పెట్టేటోళ్లు ఒక్కసారి ఆగి ఆలోచించాలె.

ఆఖరుకు ఒక కోరిక. 1977 నాటి మొదటి స్టార్ వార్స్‌ను 2013ల అమెరికా మూలవాసుల నవాహో భాషలకు డబ్బింగ్ చేసిన్రు. పిల్లలు తాతల భాష మరువద్దని వాళ్ల మ్యూజియమే ముందల పడి చేయించింది. మన గోర్‌బోలీకి సొంత లిపి లేదు, కోయ మాటకు సినిమా హాలు లేదు. సినిమా మొత్తం మనతోని కాదు గానీ, పది నిమిషాలు అయితది. రాణి మోకరిల్లే సీను కోయల ఒకరు, తల్లి కొడుకును సాగనంపే సీను గోర్‌బోలీల ఒకరు చెప్పి వినిపియ్యుండ్రి. సంక్రాంతి సెలవులల్ల కలుద్దాం. లాప్‌టాప్ మేం తెస్తం, బజ్జీలు మీరు తేవాలె.

అప్పటిదాకా తండాల, గూడెంల గ్రామసభ ఎప్పుడు పెట్టినా చదువుకున్నోళ్లు ఒక్కరన్నా పోయి సర్పంచ్ పక్కన కూసోండ్రి. కాగితం ఏముందో మన భాషల చదివి చెప్పుండ్రి. తర్వాతనే సంతకం.