తిప్పాల్సిన చోట తిప్పం.. వద్దన్న చోట తిప్పుతాం!

జులైలో వేరుశనగ విత్తనం వేసి, రోజూ ఆకాశం వైపు చూసే అనంతపురం పల్లెలో మోడం పట్టి నాలుగు చినుకులు పడ్డాయనుకోండి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ‘వాన వచ్చింది’ అనడు. ‘వచ్చెరా వాన!’ అంటాడు. మొదటిది సమాచారం. రెండోదాంట్లో ఇన్నాళ్ల ఎదురుచూపు ఉంది. మాటల వరస మారింది, అంతే. ఇదే సందర్భంలో ఇంగ్లిష్‌వాళ్లు ‘హియర్ కమ్స్ ద రెయిన్!’ అంటారు. వాళ్లూ మన పెద్దాయన లాగానే కర్తను వెనక్కి పంపి క్రియను ముందుకు తెచ్చారు.

దీనికే మన గ్రామర్ పుస్తకాలు ‘ఇన్వర్షన్’ అని పేరు పెట్టి, డిగ్రీ పిల్లలను భయపెడుతున్నాయి.

నా అభ్యంతరం ఆ పాఠం మీద కాదు, దాన్ని చెప్పే తీరు మీద. బ్యాంకు పరీక్షలకో, ఎస్సెస్సీకో ప్రిపేరయ్యే ఎవరి నోట్సు అయినా తెరవండి. ‘నో సూనర్’ వస్తే ‘దేన్’, ‘హార్డ్‌లీ’ వస్తే ‘వెన్’, ‘నెవర్’తో మొదలైతే హెల్పింగ్ వెర్బ్ ముందుకు అంటూ ఓ పట్టిక కనిపిస్తుంది. దాన్ని బట్టీ పడతారు, పరీక్షలో మార్కు తెచ్చుకుంటారు. అదే అభ్యర్థిని ఇంటర్వ్యూ చివర్లో ‘ఏమైనా అడగాలా?’ అంటే ‘సర్, వెన్ యు విల్ అనౌన్స్ ద రిజల్ట్?’ అంటాడు. ‘నో సూనర్ హ్యాడ్ హి’ అని తిప్పడం వచ్చినవాడికి ‘వెన్ విల్ యు’ అని తిప్పడం రాలేదు! ‘నో సూనర్’ అని నోటితో అనాల్సిన అవసరం మీకు ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? ప్రశ్న అడగాల్సిన అవసరం రోజుకు ఎన్నిసార్లు వస్తుంది? మనం మిద్దె మీద గది కట్టి, కింద గోడలు మర్చిపోయాం.

ఈ తప్పు తెలివితక్కువతనం వల్ల రాలేదు, తెలుగు వల్ల వచ్చింది. ‘కుక్క గొర్రెను కరిచింది’ అన్నా, ‘గొర్రెను కుక్క కరిచింది’ అన్నా కరిచింది కుక్కే. ఆ చిన్న ‘ను’ పక్కనుంది కాబట్టి పదాలు ఎటు జరిగినా అర్థం చెడదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లోనూ ఇలాంటి ప్రత్యయాలుండేవి. కాలక్రమంలో చాలావరకు రాలిపోయాయి. ఇప్పుడు అక్కడ పదం కూర్చున్న చోటే దాని పని చెబుతుంది. ‘ద డాగ్ బిట్ ద షీప్’ను తిరగేస్తే కుక్కను గొర్రె కరిచినట్టే. అందుకే ఇంగ్లిష్‌లో పదం ఊరికే చోటు మారదు. హెల్పింగ్ వెర్బ్ కర్త ముందుకొచ్చిందంటే, చాలాసార్లు అది ప్రశ్న.

మనకా అవస్థ లేదు. ‘బస్సు వచ్చింది’ చివర ఓ ‘ఆ’ తగిలిస్తే ‘బస్సు వచ్చిందా?’ అయిపోతుంది. ఈ అలవాటుతోనే ‘ద బస్ హ్యాజ్ కమ్?’ అని గొంతు పెంచి సరిపెడతాం. స్నేహితుల మధ్య అయితే నడుస్తుంది. ‘వెన్ యు విల్’, ‘వై హి ఈజ్’ మాత్రం పరీక్షలోనూ, మెయిల్‌లోనూ పట్టిస్తాయి. మన ‘ఎందుకు’, ‘ఎప్పుడు’ పక్కన ‘ఆ’ కూడా రాదు కదా, అందుకే అక్కడ ఏదో చేయాలన్న గుర్తే ఉండదు. (‘హూ కేమ్?’ లాంటివి వేరు. అక్కడ ‘హూ’నే కర్త, తిప్పడానికేం లేదు.)

ఇక రెండో తప్పు దీనికి పూర్తిగా ఎదురు. ప్రశ్నలు తిప్పాలని గట్టిగా నేర్చుకున్నవాళ్లు తిప్పకూడని చోట కూడా తిప్పేస్తారు. ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి’, ‘కెన్ యు టెల్ మి వెన్ డజ్ ద బస్ కమ్?’ అంటారు. ఇక్కడే మన తెలుగు సాయం చేస్తుంది. ఎందుకో ఈ సంగతి తరగతిలో పెద్దగా వినపడదు.

‘అతను ఎక్కడున్నాడు?’ అని అడుగుతాం. అదే మాటను పెద్ద వాక్యంలో పెడితే ‘అతను ఎక్కడున్నాడో తెలీదు’ అంటాం. చివర ‘ఓ’ వచ్చింది చూశారా? అది ‘ఇక్కడ నేను ప్రశ్న అడగడం లేదు’ అని చెప్పే గుర్తు. మనం ‘ఓ’ పెట్టే చోట ఇంగ్లిష్ తిప్పడం మానేస్తుంది. ‘ఎక్కడున్నాడు?’ అంటే ‘వేర్ ఈజ్ హి?’. ‘ఎక్కడున్నాడో’ అంటే ‘వేర్ హి ఈజ్’. ‘వస్తాడో లేదో’ అంటే ‘వెదర్ హి విల్ కమ్ ఆర్ నాట్’.

బస్టాండు వాక్యాన్నే మళ్లీ తీసుకుందాం. ‘బస్సు ఎప్పుడొస్తుందో చెప్తారా అన్నా?’ ఇందులో ‘ఓ’ ఉంది, ‘ఆ’ కూడా ఉంది. ‘ఆ’ తగిలింది ‘చెప్తారా’కు, కాబట్టి అక్కడ తిప్పాలి: ‘కెన్ యు టెల్ మి’. ‘ఓ’ తగిలింది ‘వస్తుందో’కు, కాబట్టి అక్కడ ముట్టుకోకూడదు: ‘వెన్ ద బస్ కమ్స్’. మీరు అయిదేళ్ల వయసులోనే ఈ తేడాను తప్పు లేకుండా పాటించారు. ఎవరూ నేర్పలేదు.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. ‘ఎవరో వచ్చారు’లోని ‘ఓ’ వేరే జాతి, అది ‘సమ్‌వన్’. ఇక ‘ఎక్కడున్నావని అడిగాడు’ అన్నప్పుడు మనం ‘అని’ పెట్టి అవతలివాడి ప్రశ్నను ఉన్నదున్నట్టు దింపేస్తాం, ‘ఓ’ రాదు. అందుకే ‘హి ఆస్క్‌డ్ మి వేర్ ఆర్ యు’ అని వచ్చేస్తుంది. ఇంగ్లిష్ అలా దింపనివ్వదు. ‘హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వాజ్’ అనాలి.

ఇంతవరకూ గట్టిపడ్డాక అప్పుడు ‘నెవర్’, ‘హార్డ్‌లీ’ల దగ్గరకు వెళ్లండి. వాటికీ ఓ కథ ఉంది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే విదేశీ భాషల స్కూల్లో మన పల్లెల పిల్లలు జర్మన్ నేర్చుకుంటున్నారు. జర్మన్ వాక్యంలో ‘ఈరోజు’ అనో ‘ఇక్కడ’ అనో ముందు పెడితే, క్రియ రెండో స్థానం వదలదు, కర్తే దాని వెనక్కి పోతుంది. పాత ఇంగ్లిష్‌ కూడా చాలావరకు ఇలాగే నడిచేది. తర్వాత ఆ పద్ధతి పోయింది కానీ కొన్నిచోట్ల మిగిలింది. ‘నెవర్ హ్యావ్ ఐ సీన్’ ఆ మిగిలిన ముక్కే. కాదు, లేదు, అరుదు అనే అర్థమిచ్చే మాట వాక్యం మొదట్లోకొచ్చి మొత్తం వాక్యాన్ని పట్టుకుంటే తిప్పాలి. పట్టిక మొత్తానికి మూలం దాదాపు ఇదే.

‘మొత్తం వాక్యాన్ని పట్టుకుంటే’ అని ఎందుకన్నానంటే, పరీక్షలో మెలిక పెట్టేది అక్కడే. ‘ఎట్ నో టైమ్ వాజ్ ద హాల్ ఎంప్టీ’ అంటే హాలు ఏ క్షణమూ ఖాళీగా లేదు. ‘ఇన్ నో టైమ్ ద హాల్ వాజ్ ఎంప్టీ’ అంటే చిటికెలో ఖాళీ అయింది. రెండింటిలోనూ ‘నో’ ఉంది. మొదటిది వాక్యాన్నే కాదంటోంది, తిప్పాం. రెండోది కాదనడం లేదు, తిప్పలేదు. బట్టీ పట్టినవాడు ఇక్కడ దొరికిపోతాడు.

‘ఓన్లీ’ కూడా అంతే. ‘ఓన్లీ త్రీ స్టూడెంట్స్ కేమ్’లో తిప్పడానికేం లేదు, ఆ ముగ్గురే కర్త. ‘ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్‌డ్ డిడ్ వుయ్ స్టార్ట్’లో తిప్పాలి, అదీ రెండో ముక్కలోనే. ‘డిడ్’ వచ్చాక ‘స్టార్టెడ్’ రాయకండి. భూతకాలం బరువంతా ‘డిడ్’ మోస్తోంది.

కొలువు బెంగళూరులో కావచ్చు, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్న పెనుకొండ చుట్టుపక్కలే కావచ్చు, ఆఫీసు మెయిల్స్‌లో మీకు ‘షుడ్ యు నీడ్ ఎనీ హెల్ప్’ అని కనిపిస్తుంది. అది ప్రశ్న కాదు, ‘మీకేమైనా సాయం కావాలంటే’ అని మర్యాద. ‘ఇఫ్’ తీసేసి ‘షుడ్’ను ముందుకు తెచ్చారు. ‘ఆగస్టులో వాన పడింటే చేను దక్కేది’ అని మీ ఇంట్లో ఎన్నిసార్లు విన్నారో! ‘హ్యాడ్ ఇట్ రెయిన్డ్ ఇన్ ఆగస్ట్, ద క్రాప్ వుడ్ హ్యావ్ సర్వైవ్డ్.’ నోట్సులో రాముడూ సీతా ఉన్న వాక్యం బదులు ఇది రాసుకోండి, మర్చిపోరు.

సీమ యాసలో మాట్లాడేవాళ్లకు ఇంగ్లిష్ రాదని వెక్కిరించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దానికి జంకే చాలామంది, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు, ఇంటర్వ్యూలో జవాబులన్నీ చెప్పి కూడా జీతమెంతో, పోస్టింగ్ ఎక్కడో అడగకుండా లేచి వచ్చేస్తారు. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు వ్యాకరణం అచ్చయింది 1840లో. ఇరవై ఏళ్లు! ఆయనకు మన ‘ఆ’లూ ‘ఓ’లూ ఎంత కొత్తో, మీకు వాళ్ల ‘డిడ్’లూ ‘విల్’లూ అంతే కొత్త. మీకిచ్చే గడువు మాత్రం ఆరు నెలల కోచింగ్.

ఈ వారం ఓ పని చేయండి. ఇంట్లో, బస్సులో విన్న ప్రశ్నలు పది రాసుకోండి. ఒక్కోదాన్ని ముందు నేరుగా, తర్వాత ‘తెలీదు’ చేర్చి ఇంగ్లిష్‌లో చెప్పండి, పైకి వినపడేలా. ఎక్కడ మొదలుపెట్టాలంటారా? బెంగళూరులో పనికెళ్లిన కొడుక్కి ఫోన్ చేసి అమ్మ ‘ఎప్పుడొస్తావు నాయనా?’ అంటుంది: ‘వెన్ విల్ యు కమ్?’. ఫోన్ పెట్టేశాక తనలో తనే ‘ఎప్పుడొస్తాడో ఏమో’ అనుకుంటుంది: ‘ఐ వండర్ వెన్ హి విల్ కమ్.’