కషాయాన్ని నిందించవద్దు – జ్వరాన్ని దాచవద్దు

 

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని ఒక సామెత ఉన్నది. మన ఇంటి వెనక ఉన్న చెట్టుకు మనమే విలువ ఇవ్వం అని దాని అర్థం. ఈసారి గోడపత్రికకు నేను ఆ పెరటి చెట్టు గురించే రాస్తున్నాను. మెచ్చుకోవటానికి మాత్రమే కాదు. నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవటానికి కూడా.

మన హాస్టల్లో గోండు పిల్లలున్నారు, లంబాడీ పిల్లలున్నారు, కోయలున్నారు, మా నాయకపోళ్ళు ఉన్నారు. భాషలు వేరు, పండుగలు వేరు. కాని సర్ది పట్టిందంటే అందరి ఇండ్లల్ల పొయ్యి మీదికి ఒకటే గిన్నె ఎక్కుతది. అదే కషాయం గిన్నె.

మా నాయినమ్మ సర్దికి చేసే కషాయం ఇట్ల ఉంటది. రెండు గ్లాసుల నీళ్ళు, బొటనవేలంత అల్లం దంచి, ఐదారు మిరియాలు, గుప్పెడు తులసి ఆకులు. సన్న మంట మీద ఒక గ్లాసు అయ్యేదాకా మరగాలె. దించినంక కొంచెం బెల్లం. కడుపు ఉబ్బరిస్తే చెంచాడు ఓమ నీళ్లల్ల మరిగించి చిటికెడు ఉప్పు వేసి ఇస్తది. గొంతు నొప్పి అయితే గోరువెచ్చని నీళ్లల్ల ఉప్పు, పసుపు కలిపి పుక్కిలించుమంటది. ముక్కు దిబ్బడ పడితే వావిలాకు వేసిన వేడినీళ్ళ ఆవిరి పట్టిస్తది. ఆవిరి పట్టేటప్పుడు గంజు నేల మీదనే ఉండాలె, పక్కన పెద్దమనిషి ఉండాలె. లేకుంటే సర్ది పోవుడేమో గాని కాళ్ళు కాలుతాయి!

ఇవన్నీ నాకు వచ్చు. వచ్చు అన్న గర్వమే నన్ను ముంచింది.

నిరుడు వానాకాలంల నా పక్క మంచం దోస్తుకు జ్వరం వచ్చింది. వాని పేరు రాయను. "పేరు వద్దు, సంగతి రాయ్" అని వాడే అన్నడు. ఒళ్ళంత నొప్పులు, కండ్ల వెనక నొప్పి. అదే వారంల వాలీబాల్ సెలెక్షన్లు ఉన్నయి. వార్డెన్ సార్‌కు తెలిస్తే ఆడనియ్యరు, ఇంటికి పంపుతరు అని వాని భయం. "ఎవ్వరికీ చెప్పకురా" అన్నడు. నేను సరే అన్న. వంట అక్క దగ్గరికి పోయి "నాకు సర్ది అయింది" అని అబద్ధం చెప్పి అల్లం, మిరియాలు తెచ్చిన. మూడు రోజులు పొద్దున, రాత్రి కషాయం పోసిన.

నాలుగో రోజు జ్వరం దిగింది. నేను ఎంత సంబురపడ్డనో చెప్పలేను. "చూసిన్రా మా నాయినమ్మ మందు!" అని మా రూంల అందరికీ చెప్పుకున్న.

ఆ సాయంత్రమే వానికి కడుపుల నొప్పి మొదలైంది. మూడుసార్లు వాంతి చేసుకున్నడు. నోరు కడుక్కుంటే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. అప్పుడు నాకు బుగులు పుట్టింది. రాత్రి వార్డెన్ సార్ తలుపు కొట్టిన. సార్ ఒక్క మాట అడగలే. ముందు బండి మాట్లాడిన్రు. మెట్‌పల్లి, అక్కడి నుంచి జగిత్యాల. రక్త పరీక్ష చేస్తే డెంగ్యూ. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినయి. వారం రోజులు దవాఖానల ఉన్నడు. ఇప్పుడు మంచిగనే ఉన్నడు, మొన్న నన్ను వాలీబాల్‌ల ఓడగొట్టిండు కూడా. కాని ఇంకొక్క రాత్రి ఆగితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

తరువాత డాక్టర్ సార్ మాకు చెప్పిన మాట అందరికీ తెలవాలె. డెంగ్యూల జ్వరం దిగినప్పుడే అసలు ప్రమాదం మొదలు కావచ్చు. జ్వరం వచ్చిన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యల, వేడి తగ్గుతున్న సమయంల, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి మనిషి కుప్పకూలుతడు. నేను కషాయం గెలిచింది అనుకున్న గంట, నిజానికి నా దోస్తు ఓడిపోయే గంట. డెంగ్యూకు ప్రత్యేకంగా మందు అంటూ లేదు. నీళ్ళు, అవసరమైతే సెలైన్, ఎప్పటికప్పుడు పరీక్ష – ఇదే వైద్యం. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి గోలీలు మింగవద్దు, రక్తం కారుడు ఎక్కువైతది. డాక్టర్ సార్ చివరికి అన్నది ఇది: "నీ కషాయం వానికి చెడు చేయలేదు బాబూ. నువ్వు దాచిన నాలుగు రోజులు చెడు చేసినయి."

దసరా సెలవులకు ఇంటికి పోయి నాయినమ్మకు ఈ సంగతి చెప్పిన. మెచ్చుకుంటదేమో అనుకున్న. ఆమె చేతిలున్న చాట పక్కకు పెట్టి, "నేను నీకు సగమే నేర్పిన్నారా కొడుకా? మూడు పూటలు చూడాలె, తగ్గకుంటే బండి కట్టాలె అని ఎన్నిసార్లు చెప్పిన?" అని అడిగింది. బండి కట్టుడు అంటే దవాఖానకు తీసుకపోవుడు. ఆమె మొదటి కొడుకు, అంటే మా పెదబాపు, చిన్నతనంల జ్వరంతోటి పోయిండట. వాగు నిండి బండి దాటలేదట. అప్పటి నుంచి మూడు పూటల లెక్క ఆమె తప్పలేదు. నేను ఆమె గిన్నెను నేర్చుకున్న గాని లెక్కను నేర్చుకోలే. తప్పు కషాయానిది కాదు, నాయినమ్మది కాదు. తప్పు నాది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ సంగతి జరిగినంక హాస్టల్లో ఎవరూ కషాయం చేయవద్దని సార్ చెప్పిన్రు. సార్ కోపం న్యాయమే. మా అందరి ప్రాణాలకు ఆయనే జవాబుదారి. కాని కొందరు మిత్రులు దాన్ని పట్టుకొని "అడవి మందు, అడవి మందు" అని ఎక్కిరిస్తున్నరు. ఈ రెండింటి మీద నా అభిప్రాయం చెప్పటానికి అనుమతి కోరుతున్నాను.

ముందు ఎక్కిరించేవాళ్ళకు. మీరు దగ్గుకు తాగే సీసా మందుల్లో బ్రోమ్‌హెక్సిన్ అని ఒకటి ఉంటది. చెలకల గట్ల మీద పెరిగే అడ్డసరం ఆకులోని వాసిసిన్ అనే పదార్థాన్ని చూసి దాన్ని తయారుచేసిన్రు. ఓమలో ఉండే థైమాల్‌ను నోరు పుక్కిలించే మందుల్లో వేస్తరు. మలేరియాకు ఎన్నో ఏండ్లు వాడిన క్వినైన్ సింకోనా అనే చెట్టు బెరడు నుంచి తీసిందే. మలేరియా దోమ వల్ల వస్తదని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది ఎక్కడనో కాదు, మన సికింద్రాబాద్‌లనే, 1897 ఆగస్టు 20న. అడవిని ఎక్కిరిస్తే మందుల షాపును కూడా ఎక్కిరించినట్టే!

అయితే కషాయం అన్నిటికీ పనిచేస్తదని చెప్పేవాళ్ళకు కూడా ఒక సంగతి చెప్పాలె. చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్త మలేరియాకు మందు వెతుకుతూ ఎన్నో పాత వైద్య గ్రంథాలు చదివింది. మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కను వాళ్ళ పెద్దలు జ్వరానికి వాడేవాళ్ళు. ఆ మొక్క నుంచి తీసిన మందు ఒకసారి పనిచేస్తే ఇంకోసారి చేయలేదు. సుమారు 1600 ఏండ్ల కిందటి గ్రంథంల, ఆ మొక్కను నీళ్లల్ల నానబెట్టి పిండి రసం తాగాలె అని రాసి ఉన్నది. మరిగించుమని లేదు! వేడికి మందు గుణం చెడిపోతుందేమో అని ఆమెకు తట్టింది. 1971లో తక్కువ వేడితో మందును తీసింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు ఆ మందు లక్షల మందిని బతికిస్తున్నది. అయినా ఆ మొక్క ఆకుల చాయ్ తాగితే మలేరియా పోతదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోదు. ఎందుకంటే గ్లాసు చాయ్‌ల మందు ఎంత ఉన్నదో లెక్క తెలవదు. చూసిన్రా! ఆకు గొప్పదే. కాని లెక్క కూడా కావాలె.

లెక్క లేని మందు ఎంత మంచిదైనా ప్రమాదమే. 2020లో కరోనా వచ్చినప్పుడు ఊర్లల్ల పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కషాయాలు తాగి కడుపుల మంట తెచ్చుకున్నవాళ్ళు ఉన్నరు. 2021లో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై డాక్టర్లు రాసిన్రు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఎవరిది నిజమైనా మనకు పాఠం ఒకటే. తెలియని తీగ తెంపవద్దు, తెలిసినదైనా నెలల తరబడి తాగవద్దు.

ఇంట్ల కలుపుకునే నీళ్ళు ప్రాణం నిలబెట్టిన సంగతి కూడా ఉన్నది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ శిబిరంల కలరా వచ్చింది. సెలైన్ సరిపోలేదు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పులు కలిపిన నీళ్ళు తాగించి ఎంతోమందిని కాపాడిండు. అదే ఇయ్యాల మనం తాగే ఓఆర్‌ఎస్. ప్యాకెట్ లేకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు తలకొట్టు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. విరేచనాలు అయినప్పుడు కషాయం కన్నా ముందు ఇది తాగాలె. ఇక్కడ కూడా చూడండి – లీటరు, ఆరు, అర. అంతా లెక్కే!

ఇంకొక మాట. మన మల్లాపూర్, మెట్‌పల్లి, కోరుట్ల దిక్కు పసుపు పంటకు పేరు. పసుపు ఉడకబెట్టే రోజుల్ల ఆ వాసన రోడ్డు దాక వస్తది. అటువంటి పసుపు మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చిన్రు, పసుపు గాయాన్ని మాన్పుతదని వాళ్ళే కొత్తగా కనిపెట్టినట్టు! మన దేశపు సీఎస్ఐఆర్ కొట్లాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. ఎట్ల గెలిచింది? "మా అవ్వలకు తెలుసు" అంటే గెలవలేదు. పాత సంస్కృత గ్రంథం, 1953లో అచ్చయిన వ్యాసం చూపిస్తే గెలిచింది. రాసి ఉన్నది కనుక నిలబడ్డది. మరి మా నాయినమ్మకు తెలిసింది ఎక్కడ రాసి ఉన్నది? మీ యాడికి తెలిసింది ఎక్కడ రాసి ఉన్నది? మనం చదువుకునేది ఎందుకు మరి?

ఇప్పుడు వార్డెన్ సార్‌కు నా మనవి. సార్, మేము దాచింది కషాయాన్ని కాదు, జ్వరాన్ని. కషాయం వద్దంటే పిల్లలు రేపటి నుంచి రెండూ దాస్తరు. జ్వరం ఎందుకు దాస్తమో మీకు చెప్పాలె. ఆటలు పోతయని, ఇంటికి పంపితే పాఠాలు పోతయని, సూది వేస్తరని, "బడి ఎగ్గొట్టుటానికి నాటకం" అని ఎవరన్న అంటరని. ఈ భయాలు పోతే దాచుడు కూడా పోతది. కాబట్టి నా సూచనలు ఇవి.

ఒకటి: వంటింటి వెనక, చేతులు కడిగిన నీళ్ళు పారే కాడ తులసి, అల్లం, అడ్డసరం, వావిలి పెడదాము. నీళ్ళు నిల్వకుండా కాలువ తీద్దాము, లేకుంటే మొక్కల కోసం పోయి దోమలను పెంచినట్టు అయితది.

రెండు: కషాయం వంట అక్క చేతుల మీదుగానే, సార్‌కు తెలిసే చేయాలె. సర్దికి, కడుపు ఉబ్బరానికి, గొంతు నొప్పికి మాత్రమే.

మూడు: ఒక థర్మామీటర్, ఒక నోటుబుక్కు. ఎవరికి, ఏ తారీఖు, ఎంత జ్వరం, ఏం తాగిండు – రాయాలె. 100 డిగ్రీలు దాటితే ఆ గంటలనే సార్‌కు చెప్పాలె. నాయినమ్మ చెప్పిన మూడు పూటలు కూడా హాస్టల్ల ఎక్కువే. మర్నాటికి తగ్గకుంటే రక్త పరీక్ష. చలి, వాంతులు, ఆయాసం, కడుపు నొప్పి, రక్తం, మగత – వీటిల ఏ ఒక్కటి కనపడ్డా పూటలు లెక్కపెట్టుడు లేదు, వెంటనే దవాఖాన. జ్వరం దిగినా ఇంకో రెండు రోజులు కనిపెట్టాలె.

నాలుగు: జ్వరం చెప్పినవాని ఆట, పరీక్ష పోకుండా మళ్ళీ అవకాశం ఇస్తమని సార్ ఒక్క మాట ఇవ్వాలె.

ఐదు: సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు ప్రతి ఒక్కరు ఇంట్ల పెద్దలను అడిగి ఒక్క కషాయం రాసుకొని రావాలె. ఏ ఆకు, ఎంత నీళ్ళు, ఎన్ని పూటలు, ఎప్పుడు ఆపాలె. ఆఖరి మాట తప్పకుండా అడగండి. నేను అడగకుండా వదిలిపెట్టింది అదే.

నోటుబుక్కు మొదటి పేజీల నేనే రాస్తాను. మా నాయినమ్మ కషాయం, దాని కింద ఆమె లెక్క, దాని కింద నా తప్పు. దోస్తు కూడా పక్కన కూర్చుంటా అన్నడు.

ఆరోగ్యమే మహాభాగ్యం. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ఇట్లు,
మీ మిత్రుడు,
9వ తరగతి విద్యార్థి, మల్లాపూర్